కాలువలు కట్టేసేలోగా: గట్టు మీద నోటీసు అందినవాళ్లకు

పోయిన ఏప్రిల్‌లో కాలువకు నీళ్లు ఆపిన నాలుగో రోజు పొద్దున్నే మా ఊరి దగ్గర గట్టు మీద ఇళ్లు తీసేశారు. మధ్యాహ్నానికి ఒకావిడ ప్లాస్టిక్ కవర్‌లో కాగితాలు పట్టుకుని, నేను పనిచేసే వకీలు గారి ఆఫీసుకు వచ్చింది. ఏడు అర్జీలు. ఏడింటి మీదా రసీదు ముద్ర. మొదటిది ఆగస్టులో ఇచ్చింది, చివరిది అంతకు ముందు వారమే. అన్నిటికీ అడుగున నోటీసు. గోడకు అంటించిన మైదా పిండి దాని వెనక ఇంకా గట్టిపడి ఉంది. "ప్రతి సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లానండి, చూస్తామన్నారండి" అంది. అప్పటికి స్టే అడగడానికి ఇల్లే లేదు.

మళ్లీ ఏప్రిల్ వస్తోంది. డెల్టాలో నీళ్లు ఆపాకే పూడికతీత, గట్ల పని, ఆక్రమణల తొలగింపు అన్నీ పెట్టుకుంటారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను చూసినవాళ్లలో ఎక్కువమందిని ముంచింది ఒకటే: అర్జీ మీద అర్జీ ఇస్తూ కూర్చోవడం. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్య మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయడానికి ఇన్ని రోజులని గడువు లేదు. ఆ మాట విని చాలామంది ధైర్యంగా ఉండిపోతారు. గడువు లేకపోయినా ఆలస్యం ఎందుకైందని జడ్జి గారు అడుగుతారు. "అర్జీలు ఇస్తున్నాం" అన్నది జవాబుగా నిలవదు. అర్జీ ఇచ్చినంత మాత్రాన, దానికి ఆఫీసు నుంచి జవాబు వచ్చినంత మాత్రాన పాతబడ్డ వివాదానికి మళ్లీ ప్రాణం రాదని సుప్రీంకోర్టు 2008లో సి. జాకబ్ కేసులో తేల్చింది.

అలాగని అసలు అర్జీ వద్దనడం లేదు. అధికారి చేయాల్సిన పని చేయించమని మాండమస్, అంటే ఆయనకు కోర్టు ఇచ్చే ఆదేశం, కోరాలంటే, ముందు ఆయన్ను మనం అడిగినట్టు ఉండాలి. అందుకు ఒక్క అర్జీ చాలు. రసీదు తీసుకోండి. రెండోది రాయకండి.

రిట్ ఎవరు వేయాలి? అధికారి ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఎవరికి నష్టమో వాళ్లు. పట్టా అమ్మ పేరు మీద ఉంటే అమ్మే పిటిషనర్. కౌలు రైతు పంట పోతుంటే భూయజమాని కోసం ఎదురుచూడక్కర్లేదు, తన నష్టం చూపించి తానే వేయొచ్చు. అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం ఇంట్లోవాళ్లైనా, స్నేహితులైనా హెబియస్ కార్పస్ (ఆ మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే రిట్) వేయొచ్చు. రొయ్యల చెరువుల నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలి ఊరు ఊరంతా ఇబ్బంది పడుతుంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం ఉంది. 1981లో ఎస్.పి. గుప్తా కేసుతో ఆ తలుపు బాగా తెరుచుకుంది. కానీ లోపల సొంత తగాదా పెట్టుకుని పైకి ఊరి పేరు చెబితే పిటిషన్ కొట్టేసి ఖర్చులు కూడా కట్టిస్తారు. పక్కవాడు పొలం గట్టు జరిపాడంటే అది సివిల్ కోర్టు పని, రిట్ కాదు.

నోటీసు, విచారణ లేకుండా ఖాళీ చేయమంటే నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చు. ప్రభుత్వ భూముల మీద 1905లో వచ్చిన ఆక్రమణల చట్టం 7వ సెక్షన్ కింద ముందు నోటీసు ఇచ్చి, మీ జవాబు విన్నాకే 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించాలి. అంతా పద్ధతిగా జరిగి ఉత్తర్వు వచ్చిందా, ముందు ఆ చట్టం కిందే అప్పీల్‌కు వెళ్లమని హైకోర్టు అనే అవకాశం ఎక్కువ.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతకు 15 రోజుల ముందు నోటీసు తప్పనిసరి అంది కదా అని కొందరు నిశ్చింతగా ఉన్నారు. ఆ తీర్పు పూర్తిగా చదవండి. రోడ్డు, ఫుట్‌పాత్, నది, నీటివనరుల పక్కన ఉన్న అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అందులోనే ఉంది. కాలువ గట్టు మీద ఉండి దాన్ని నమ్ముకోకండి.

ఇక కాగితాల సంగతి. నోటీసు గోడ మీద ఉండగానే ఫోటో తీయండి. అందిన తేదీ వెనక రాసుకోండి. పట్టా, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, మీరిచ్చిన ఒక్క అర్జీ, అన్నీ జిరాక్స్ తీసి పెట్టుకోండి.

పిటిషన్‌తో పాటు మీరు ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అఫిడవిట్. చదవని అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి.

నోటీసు అందిందా? అఫిడవిట్‌లో అందిందనే రాయండి. అందించినట్టు పంచనామా వాళ్ల దగ్గర ఉంటుంది. అబద్ధం బయటపడితే అసలు విషయం వినకుండానే కొట్టేస్తారు.

ఇదే విషయం మీద కింది కోర్టులో దావా ఉంటే దాచకండి.

మెయిన్ పిటిషన్‌తో పాటే మధ్యంతర స్టే పిటిషన్ వేయించండి. రిట్ వేసినంత మాత్రాన పొక్లెయిన్ ఆగదు. అర్జీ ఇచ్చినా ఆగదు.

రేపే కూలుస్తారంటే లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమని కోరడం), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి గారి ఇంటి దగ్గరే వినమని కోరడం) అడగమని వకీలు గారికి చెప్పండి. మే నెలలో హైకోర్టుకు వేసవి సెలవులు మొదలవుతాయి. వెకేషన్ కోర్టు అత్యవసరమైనవే వింటుంది, అదీ రోజూ కూర్చోదు. అమరావతి దూరం కూడా లెక్కేసుకోండి.

స్టే వస్తే ఆ కాపీ మీరే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

సింగిల్ జడ్జి కొట్టేస్తే, అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల ముందు వేసే రిట్ అప్పీల్‌కు 30 రోజులే. ఆ 30 రోజుల్లో కలెక్టరేట్ చుట్టూ తిరగకండి.

డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగండి. ఈ సోమవారం గ్రీవెన్స్‌కి బయల్దేరేవాళ్లు ఆ అర్జీ ఇంట్లోనే పెట్టి, నోటీసు పట్టుకుని ముందు అక్కడికి వెళ్లండి.