మన్ మీద నౌక పక్కకు ఒరగకుండా

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే వీడియో గేమ్‌లో, అందులోని చందమామ ‘మన్’ మీద కాళ్లు ఆనగానే నౌక పక్కకు ఒరిగిపోతోందా? చాలావరకు కారణం అడ్డంగా మిగిలిపోయిన వేగమే. నావ్‌బాల్ (నౌక ఎటు తిరిగి ఉందో చూపే గుండ్రటి సూచీ) పైన వేగం చూపే చోట నొక్కి ‘సర్ఫేస్’కు, అంటే నేలతో పోల్చిన వేగానికి, మార్చండి. నౌకను ఒకే దిశలో నిలిపి ఉంచే ఎస్ఏఎస్‌లో రెట్రోగ్రేడ్ (నౌక కదిలే దిశకు సరిగ్గా ఎదురు దిశ) ఎంచుకుంటే, ఇంజిన్ మండినప్పుడల్లా అడ్డం వేగం, కిందికి పడే వేగం రెండూ తగ్గుతాయి. నేలకు 1,000 మీటర్ల ఎత్తులో సెకనుకు 50 మీటర్లు, 100 మీటర్ల దగ్గర 10, ఆనేటప్పుడు 2: నాకు ఈ లెక్క బాగా కుదిరింది. ఎత్తు సూచీ మామూలుగా నేల నుంచి కొలవదు. అందుకే పగటి వైపే దిగండి. నేల మీద నౌక నీడ జరుగుతూ కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంటే నేల అందినట్టే.

ఒక్క జాగ్రత్త: ఇంజిన్ ఎక్కువై నౌక తిరిగి పైకి లేస్తే రెట్రోగ్రేడ్ గుర్తు కిందికి మారి, నౌక తలకిందులవుతుంది. వేగం 3కి తగ్గగానే రెట్రోగ్రేడ్‌ను వదిలి మామూలు ఎస్ఏఎస్‌కు వచ్చేయండి.