ఉబుంటులో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కీబోర్డుల అమరిక

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ విభాగాన్ని తెరిచి, ఇన్‌పుట్ సోర్సెస్ కింద ఉన్న ప్లస్ గుర్తును నొక్కి, తెలుగునూ హిందీనీ చేర్చుకోవాలి. భాష పేరు వెంటనే కనబడకపోతే మూడు చుక్కలను నొక్కి వెతకవచ్చు. పాస్‌వర్డులకూ ఆదేశాలకూ అవసరం కనుక ఇంగ్లీషును జాబితాలోనే ఉంచాలి. రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలనుకునేవారు ముందుగా ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీని స్థాపించి, ఒకసారి లాగౌట్ అయి తిరిగి ప్రవేశించాలి.

రెండు మూడు భారతీయ భాషల్లో రోజూ రాసేవారికి, భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరులో ఉండే కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్టే మేలని నా గట్టి అభిప్రాయం. ఇందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. తెలుగులో ‘క’ ఉన్న కె మీటపైనే హిందీ ‘క’ కూడా ఉంటుంది కాబట్టి ఒక భాషకు పట్టుబడిన వేళ్లు రెండోదానికీ పనికివస్తాయి. పొల్లు డి మీటపై, ‘ర’ జె మీటపై ఉన్నందున కె, డి, జె వరుసగా నొక్కితే ‘క్ర’ వస్తుంది.

భాష మార్చడానికి సూపర్ మీటను (విండోస్ గుర్తు ఉండే మీటను) పట్టి స్పేస్ బార్ నొక్కాలి. ఒక కిటికీలో తెలుగు, మరొకదానిలో ఇంగ్లీషు వాడేవారు ప్రతి కిటికీకీ విడిగా భాష గుర్తుంచుకునే ఎంపికను ఎంచుకోవడం మంచిది.

‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం వత్తుగా మారకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం చేర్చాలి. ఇంగ్లీషు కీబోర్డుకు మారి, కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200c అని టైపు చేసి స్పేస్ బార్ నొక్కితే చాలా అప్లికేషన్లలో అది చేరుతుంది.