సూపర్‌కార్ బయటికి తీసినప్పుడల్లా మొరాయిస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

ముందు లెక్క చెప్పేస్తాను, రోగాల సంగతి తర్వాత చూద్దాం. పది పద్నాలుగు రోజులకోసారి బండి బయటికి రావాలి. వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కి, ఆ వేడి మీద కనీసం అరగంట నడవాలి, అంటే గేటు దాటి మళ్లీ గేటు లోపలికి వచ్చేసరికి ముప్పావుగంట నుంచి గంట. ఇంతకన్నా ఎక్కువ నడిపితే మరీ మంచిది. తక్కువైతే మాత్రం కింద రాసినవాటిలో ఏదో ఒకటి మీ గడప తొక్కుతుంది, నాలుగు కలిసి ఒకేసారి తొక్కినా ఆశ్చర్యపోకండి. నాకున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిడ్ ఇంజిన్ బండి (ఇంజిన్ సీట్ల వెనక ఉండే రకం), వీటిలో సగం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే.

బటన్ నొక్కితే చప్పుడు లేదు, లేదా టిక్ టిక్‌మని ఆగిపోతోంది

కారణం: బ్యాటరీ. బండి ఆపేసి తాళం వేసినా అలారం, తాళం సిగ్నల్ కోసం చూసే రిసీవర్, ట్రాకర్, అరడజను కంప్యూటర్లు లోపల మెలకువగానే ఉంటాయి. మొత్తం కలిపి 50 మిల్లీఆంపియర్లు లాగుతున్నాయనుకోండి, రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి, నెలకి 36. మీ బ్యాటరీ 70 అయితే నెల తిరిగేసరికి సగం ఖాళీ. రెండో నెలలో అది సెల్ఫ్ తిప్పదు, మూడో నెలలో అసలు బతకదు, ఎందుకంటే లెడ్ బ్యాటరీ ఖాళీగా పడుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది.

నా బండిని మొదటి ఏడాది ఏడు వారాలు ముట్టుకోలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి చూస్తే రిమోట్ పనిచేయలేదు. మామూలు తాళంచెవితో తలుపు తీశాను, బాగానే ఉంది. బ్యాటరీ ముందు మూత కింద ఉంది, ఆ మూత కరెంటు స్విచ్‌తో తెరుచుకుంటుంది. బ్యాటరీ చచ్చింది కాబట్టి మూత రాదు, మూత రాదు కాబట్టి బ్యాటరీ అందదు! నేల మీద పడుకుని టార్చ్ నోట కరుచుకుని గంటసేపు వెతికితే ముందు చక్రం గూడులో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ వెనక ఒక తీగ దొరికింది, లాగితే మూత లేచింది. ఇలాంటి అత్యవసర మార్గం దాదాపు ప్రతి బండిలో ఉంటుంది, కొన్నిట్లో తీగ, కొన్నిట్లో ఫ్యూజు పెట్టె దగ్గర కరెంటు ఇచ్చే చోటు. మాన్యువల్ తీసి అది ఎక్కడుందో ఇవాళే, బ్యాటరీ బాగున్నప్పుడే చూసి పెట్టుకోండి.

పరిష్కారం: బండి ఆగిన ప్రతిరోజూ బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి ఉంచండి. మామూలు చార్జర్ కాదు, నిండాక తనంతట తాను తగ్గించుకునే రకం. నెలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడండి, లెడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4కి దిగితే చార్జింగ్ అడుగుతున్నట్టు, 12కి వస్తే దాదాపు ఖాళీ. మెక్‌లారెన్లలో, పోర్షా జీటీ బండ్లు కొన్నిట్లో లిథియం బ్యాటరీ ఉంటుంది, వాటికి ఈ లెక్క చెల్లదు, 13 పైన ఉండాలి, చార్జర్ కూడా లిథియానికి తగ్గదే కావాలి. పక్కింటి బండి తెచ్చి జంపర్ కేబుళ్లు ఎక్కడ పడితే అక్కడ తగిలించకండి, తేడా వస్తే కంప్యూటర్లు పోతాయి.

ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు

ఇది చూడగానే హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్, ఆయిల్ కలవకుండా ఇంజిన్‌లో ఉండే సీలు) పోయిందని టెన్షన్ పడిపోతారు. కూలెంట్ తగ్గకుండా, ఇంజిన్ మరీ వేడెక్కకుండా, ఈ జిడ్డు ఒక్కటే ఉంటే తొంభై పాళ్లు తప్పు మీ అలవాటుది. వారానికోసారి గ్యారేజీలోనే స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఆ శబ్దం విని, నాలుగుసార్లు రేజ్ చేసి ఆపేస్తున్నారు కదా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటారే, అచ్చం ఇదే.

కారణం ఏంటంటే లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరి రూపంలో. చాలాభాగం సైలెన్సర్ నుంచి పోతుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో చేరుతుంది. చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు కొడుతుంది కాబట్టి మండని పెట్రోలు కూడా అదే దారిలో దిగుతుంది. ఈ రెండూ ఆవిరై పోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కి ఆ వేడి మీద కొంతసేపు ఉండాలి. కూలెంట్ ముల్లు ఐదారు నిమిషాల్లో మధ్యకి వచ్చేస్తుంది, దాన్ని చూసి మోసపోతారు, ఆయిల్ 80 డిగ్రీలు దాటడానికి నడుస్తున్న బండిలోనే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజిన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచే పద్ధతి) ఉన్న బండ్లలో ఆయిల్ కూడా ఎక్కువే, కాబట్టి ఇంకా ఆలస్యం. నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే అరగంటకైనా సరిగ్గా వేడెక్కదు. మీరు ఆపేసరికి లోపల మిగిలేది నీళ్లు, పెట్రోలు, ఆయిల్ కలిసిన కషాయం, అది మళ్లీ స్టార్ట్ చేసేదాకా బేరింగుల మీద కూర్చుంటుంది. సైలెన్సర్ లోపల కూడా నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. 2018 నుంచి యూరప్‌లో అమ్మే పెట్రోలు బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ కూడా ఉంటుంది, అది శుభ్రపడాలన్నా వేడే కావాలి.

పరిష్కారం: స్టార్ట్ చేస్తే నడపాలి, నడపలేకపోతే స్టార్ట్ చేయకూడదు. ఇంతకు మించి దీంట్లో మర్మం లేదు. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి మెల్లగా బయలుదేరండి, ఆయిల్ 80 దాటేదాకా 4000 ఆర్‌పీఎం దాటకండి, దాటాక భయపడకుండా పైదాకా తీసుకెళ్లండి, ఆ ఇంజిన్‌ని చేసిందే అందుకు. ఆయిల్ మాత్రం కిలోమీటర్లు చూడకుండా ఏడాదికోసారి మార్చండి. 800 కిలోమీటర్లే తిరిగింది కదా అని ఆపేవాళ్లు ఉంటారు, ఆ 800 ఎలా తిరిగాయో ఆయిల్‌కి తెలుసు.

మొదటి పది కిలోమీటర్లు స్టీరింగ్ వణుకుతోంది

కారణం: ఒకే చోట నిలబడి టైరు అడుగు చదునైంది. 60 దాటగానే అరచేతుల్లో గుర్రుమన్నట్టు అనిపిస్తుంది, టైర్లు వేడెక్కాక తగ్గుతుంది. తగ్గిందంటే తాత్కాలికమే. 30, 40 కిలోమీటర్లు నడిచినా పోలేదంటే ఆ ఆకారం శాశ్వతం, టైరు మార్చుకోవాల్సిందే (ముందు బ్యాలెన్సింగ్ చూపించండి, ఒక్కోసారి అదే కారణం).

పరిష్కారం: రెండు వారాలకోసారి నడిపితే ఈ గొడవే రాదు. నెలలు ఆపాల్సి వస్తే గాలి ఏడెనిమిది పీఎస్ఐ ఎక్కువ కొట్టండి, టైరు గోడ మీద రాసిన గరిష్ఠం దాటకుండా, మళ్లీ రోడ్డెక్కే ముందు మామూలుకి తెచ్చేయండి.

ఇక్కడే ఇంకో మాట. గీతలు నిండుగా కనబడుతున్నాయి కదా అని పాత టైర్ల మీద తిరిగేవాళ్లు సూపర్‌కార్ల వాళ్లలోనే ఎక్కువ, ఎందుకంటే ఈ బండ్లు అరిగేంత తిరగవు. టైరు గోడ మీద డాట్ గుర్తు చివర నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే నేనైతే మార్చేస్తాను. 2013 నవంబరు 30న నటుడు పాల్ వాకర్, బండి నడుపుతున్న ఆయన స్నేహితుడు పోర్షా కరేరా జీటీలో చనిపోయిన ప్రమాదంలో దర్యాప్తు ప్రధానంగా తప్పుపట్టింది వేగాన్ని, అయితే ఆ బండి టైర్లకి తొమ్మిదేళ్లని కూడా తేలింది.

కదలగానే బ్రేకుల దగ్గర గరగర, లేదా చక్రం పట్టేసింది

ఇనుప డిస్కులైతే కడిగిన మర్నాడే పసుపూ ఎరుపూ కలిసిన తుప్పు పొర కడుతుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే అది పోతుంది, పట్టించుకోవద్దు. నెలలు ఆగితే మాత్రం ప్యాడ్ కూర్చున్న చోట దాని ఆకారమే డిస్కు మీద ముద్రపడి, బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కొట్టుకుంటుంది. కార్బన్ సెరామిక్ డిస్కులు తుప్పు పట్టవు. హ్యాండ్‌బ్రేక్ వేసి నెలలు వదిలేస్తే ప్యాడ్లు అతుక్కోవచ్చు, అప్పుడు ఆక్సిలరేటర్ తొక్కి ఊడబెరకాలని చూడకండి, మెకానిక్‌ని పిలిచి విడిపించండి. ఎక్కువకాలం ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ దింపి చక్రాల కింద అడ్డు దిమ్మెలు పెట్టడం మేలు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి మార్పించండి.

ఇంజిన్ దగ్గుతోంది, ఏసీ చల్లగా లేదు

దగ్గు: పాత పెట్రోలు. మూడు నుంచి ఆరు నెలల్లో తేలికగా మండే భాగం ఆవిరైపోతుంది, ఇథనాల్ కలిసినదైతే తేమ కూడా లాగుతుంది. ఉన్నది తక్కువైతే కొత్తది నిండా కొట్టించి నడపండి. ఆపే ముందైతే ట్యాంకు నింపి స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా కలిపే మందు) కలిపి, అది ఇంజెక్టర్లదాకా చేరేలా పది కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఏసీ: కంప్రెసర్ సీలుకి నూనె అందేది ఏసీ తిరిగినప్పుడే, ఆపేసి ఉంచితే అది ఎండి గ్యాస్ కారిపోతుంది. చలికాలమైనా తీసిన ప్రతిసారీ పది నిమిషాలు ఏసీ వేయండి.

మలుపులో వెనక భాగం జారింది, గుండె ఆగినంత పనైంది

కారణం బండిలో లేదు. రెండు నెలల తర్వాత 600 హార్స్‌పవర్ మొత్తం వెనక చక్రాలకే వెళ్లే బండి ఎక్కి, చల్లటి టైర్లతో, మొదటి కిలోమీటర్లోనే కాలు గట్టిగా వేశారు. ట్రాక్ తరహా టైర్లు ఏడెనిమిది డిగ్రీల చలిలో ప్లాస్టిక్‌లా జారతాయి. దానికితోడు మీ కాలికి కూడా మరుపు ఉంటుంది, రోజూ నడిపే బండి పెడల్‌కి అలవాటుపడిన కాలు అది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) ఆపేసి నలుగురి ముందు గేటు దాటబోయి స్తంభానికి గుద్దిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

పరిష్కారం: తరచుగా నడపడం. రెండు వారాలకోసారి అన్నది బండికెంత అవసరమో మీకూ అంతే. మొదటి పదిహేను నిమిషాలు మామూలు మోడ్‌లో, అన్ని సహాయాలూ ఆన్‌లో ఉంచి నడపండి.

తీద్దామనుకుంటాను, కిలోమీటర్లు పెరిగితే ధర పడిపోతుందని మళ్లీ కవర్ కప్పేస్తాను

అసలు జబ్బు ఇదే, పైవన్నీ దీని పిల్లలు. లెక్క వేద్దాం. రెండు వారాలకోసారి 60 కిలోమీటర్లంటే ఏడాదికి 26 సార్లు, 1560 కిలోమీటర్లు. పదేళ్లు ఇలా తిప్పినా మీటరు 16 వేలు దాటదు, అది ఎవరూ ఎక్కువనే అంకె కాదు. ఆపి ఉంచితే ఖర్చు ఆగుతుందా అంటే అదీ లేదు. పాత ఫెరారీ 355, 360లలో టైమింగ్ బెల్టు ఎంత తిరిగిందన్నదానితో సంబంధం లేకుండా మూడేళ్లకోసారి మార్చాలన్నది లెక్క, పైగా 355లో ఆ పనికి ఇంజిన్ మొత్తం దించాలి. సీళ్లు, రబ్బరు గొట్టాలు, టైర్లు, ఫ్లూయిడ్లు అన్నీ క్యాలెండర్ చూసే ముసలివవుతాయి. తెలిసిన కొనుగోలుదారు 900 కిలోమీటర్ల బండి చూస్తే ముచ్చటపడే ముందు ఆఖరిసారి ఎప్పుడు నడిచిందని అడుగుతాడు. మరీ అరుదైన, ఇన్నే అని లెక్కపెట్టి చేసి, సంఖ్య వేసి అమ్మిన బండి అయితే వేరు, అది పెట్టుబడి, దాని సంగతి నేను చెప్పలేను. రాళ్ల దెబ్బల భయమైతే ముందు భాగానికి పారదర్శక ఫిల్మ్ వేయించి ఆ బెంగ వదిలేయండి.

నడుపుతున్నాను గానీ సరదా రావట్లేదు

రోజూ ఆఫీసుకి తీసుకెళ్తున్నారేమో. వెనక ఏముందో కనబడదు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు తగలకుండా బండి ముక్కుని స్విచ్‌తో పైకెత్తాలి, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతుంటే పాత సింగిల్ క్లచ్ ఆటో గేర్ బండ్ల క్లచ్ కరిగిపోతుంది. వారం తిరిగేసరికి విసుగొస్తుంది, రావాలి కూడా. ఇంకో కారణం, ఈ బండ్లు రెండో గేరులోనే 100 దాటిపోతాయి, కాబట్టి వేగంలో సరదా వెతికితే రోడ్డు మీద దొరకదు, చలానా దొరుకుతుంది. పొద్దున్న ఐదున్నరకి, మీకు బాగా తెలిసిన మలుపుల రోడ్డు మీద, గేర్లు మీరే మారుస్తూ, పాటలు ఆపి నడిపి చూడండి. నాకు నెలకి మూడుసార్లు సరిగ్గా సరిపోయింది, వారానికి నాలుగు రోజులు తీసిన నెలలో అది ఉత్త కారైపోయింది. పూర్తి బలం చూడాలంటే ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ రోజులు, వెళ్లే ముందు కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, పాలసీ కాగితం చదువుకోవడం తప్పనిసరి, చాలా ఇన్సూరెన్సులు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు.

నిజంగానే మూడు నెలలు నడపలేను

అప్పుడు సగం సగం పనులు వద్దు, పూర్తిగా నిద్రపుచ్చండి. కొత్త ఆయిల్, నిండు ట్యాంకు, ఎక్కువ గాలి, మెయింటెయినర్, దింపిన హ్యాండ్‌బ్రేక్, గాలాడే కవర్, ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టాలకి జాలీ. మధ్యలో స్టార్ట్ చేయొద్దు. ఏమేం చేశారో ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కి కట్టండి. నేను జాలీకి బదులు పాత టీషర్టు కుక్కి, కాగితం రాయలేదు, మూడు నెలల తర్వాత సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోతే పెట్రోలు పంపు పోయిందనుకుని టో బండిని కూడా పిలిచాను. టీషర్టు చివర ఒక పోగు బయటికి వేలాడుతుంటే ఆ డ్రైవరే చూసి లాగాడు.