నలుగురి విదేశీ ట్రిప్పు లెక్క ఎలా తేలిందంటే

సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్. 3 ఊళ్లు, 3 కరెన్సీలు, 16 రోజులు, విజయనగరం నుంచి నలుగురం. ఇంతకుముందు ఇలాగే వెళ్లినప్పుడు రెండో ఊరికే ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలీక మొహాలు మాడ్చుకున్నాం. ఎక్సెల్ షీటు, ఖర్చులు పంచే యాప్, వంతులవారీగా కట్టడం ఏదీ కుదరలేదు.

ఈసారి బయల్దేరే ముందే గంటస్తంభం దగ్గర టీ కొట్లో కూర్చుని టికెట్లు, గదుల డబ్బు పైసలతో సహా తేల్చేసుకున్నాం. పాత బాకీతో విమానం ఎక్కకూడదు, అంతే. తర్వాత రోజుకింత అని ఏ ఊరికాఊరు, అక్కడి కరెన్సీలోనే అనుకున్నాం. సింగపూర్‌కి ఎక్కువ, బ్యాంకాక్‌కి తక్కువ. అన్నిటికీ ఒకే సగటు వేయడమే మా పాత తప్పు. ఊళ్లో దిగిన రాత్రే నలుగురం సమానంగా ఒక పర్సులో వేసేవాళ్లం. తిండి, రైళ్లు, టాక్సీలు అందులోంచే. షాపింగు ఎవరిది వాళ్లదే. ఊరు వదిలే ముందు రాత్రి మిగిలింది పంచుకుని లెక్క మూసేసేవాళ్లం.

కార్డు గీకితే మెషిన్ రూపాయలా, అక్కడి కరెన్సీయా అని అడుగుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కండి, రూపాయల్లో రేటు సాధారణంగా ఎక్కువ పడుతుంది. గీకినవాడికి మిగతావాళ్లు ఇచ్చేది గూగుల్ రేటు కాదు, అతని ఖాతాలోంచి నిజంగా కట్టయిన రూపాయలు.

మా తిండి అలవాట్లు ఒకటే కాబట్టి కుదిరిందేమో. పిల్లలతో వెళ్లే కుటుంబాలకి ఇదే సరిపోతుందని చెప్పలేను.