క్యాంపస్ కర్బన లెక్కకు ముందు జాగ్రత్తలు

కర్బన తటస్థత, అంటే క్యాంపస్ వదిలే కర్బనం, తిరిగి తొలగించేది సరిసమానం కావడం, ఏ ఏడాదికి సాధిస్తామో ప్రకటించడం తర్వాత. ముందు ఇవి చూసుకోండి.

– హాస్టళ్లు, అద్దె భవనాలు, క్యాంటీన్ కాంట్రాక్టరు వాడే గ్యాస్ లెక్కలోకి వస్తాయా, రావా? రాతపూర్వకంగా తేల్చండి.

– పోల్చడానికి 2020, 2021 సంవత్సరాలు తీసుకోవద్దు. కోవిడ్‌తో తరగతులు మూతపడి వాడకం పడిపోయిన ఏడాదితో పోలిస్తే, తర్వాత ఎంత పొదుపు చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది.

– జనరేటర్ డీజిల్‌ను ఖర్చులో కాదు, లీటర్లలో రాయండి. లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. జనరేటర్ ఇచ్చిన యూనిట్లను కొన్న కరెంటులో మళ్లీ కలపకండి.

– ఎక్కువమంది మరిచేది ఏసీ గ్యాస్. ఏసీల్లో వాడే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో లీకైతే, భూమిని వేడెక్కించడంలో దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సర్వీసు రికార్డులో గ్యాస్ నింపినట్టు ఉన్న ప్రతిసారీ ఎన్ని కిలోలో అడగండి. పాత యంత్రంలో నింపినదంతా అంతకుముందు గాలిలో కలిసిందే. ఆ కాగితాలు తరచూ కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోతాయి, సేకరణ అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

– మీ సోలార్ కరెంటుకు వచ్చిన సర్టిఫికెట్లు (అది పునరుత్పాదక కరెంటని చెప్పే పత్రాలు) అమ్మేశారా? ఆ తగ్గింపు ఇక కొన్నవారిది.

– చెట్లను చివర్లో లెక్కించండి. నాటినవి కాదు, బతికినవే.