చెరువు గట్టు మీద ఆర్‌ఎస్-485 లైను: సెన్సార్ పలకకపోతే ఎక్కడ వెతకాలి

రొయ్యల చెరువుల్లోని డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్లనీ, ఏరియేటర్ల (నీటికి గాలి పట్టించే యంత్రాల) రిలేలనీ షెడ్డులోని ఒకే కంట్రోలర్‌కి కలపడానికి మెలేసిన రెండు తీగల మీద నడిచే ఆర్‌ఎస్-485, దాని మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాలు మాట్లాడుకునే భాష) ఇప్పటికీ నమ్మకమైన దారి. 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్ల వేగం) దగ్గర 1,200 మీటర్ల దాకా పోతుంది. ఆగినప్పుడు మాత్రం చాలామంది ముందు ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ కెలుకుతారు. నిన్నటిదాకా నడిచిన లైను ఇవాళ ఆగిందంటే మారింది కోడ్ కాదు. తీగో, జాయింటో, సప్లైయో మారింది. మల్టీమీటర్, యూఎస్‌బీ-485 డాంగిల్, రెండు 120 ఓమ్ రెసిస్టర్లు చేతిలో ఉంటే చాలు.

కొత్త లైను, ఒక్కటీ పలకదు

ముందు ఏ, బి తీగలు తారుమారు చేసి చూడండి. ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బి అంటుంది. ప్రమాణం ప్రకారం ఏ మైనస్ వైపు, కానీ చాలా సెన్సార్ల మీద ప్లస్‌కే ఏ అని ఉంటుంది. తారుమారైనంత మాత్రాన ఏదీ కాలిపోదు.

తర్వాత అడ్రస్. ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెన్సార్లు ఎక్కువగా అడ్రస్ 1తోనే వస్తాయి. రెండిటిని అలాగే లైనుకి కలిపితే రెండూ ఒకేసారి జవాబిచ్చి, ఏదీ అర్థం కాకుండా పోతుంది. ఒక్కొక్కదాన్నే డాంగిల్‌కి పెట్టి 1 నుంచి 247 లోపు వేరే అంకె ఇచ్చి, ఆ అంకె సెన్సార్ మీద మార్కర్‌తో రాయండి. పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) కూడా చూడాలి: మోడ్‌బస్ ప్రమాణంలో మామూలుగా ఉండేది ఈవెన్, చౌక సెన్సార్లలో ఎక్కువగా కనిపించేది నన్ (పారిటీ లేకపోవడం).

దగ్గరవి పలుకుతాయి, చివరివి పలకవు

అందరూ ముందు లైను చివర పెట్టే టర్మినేషన్ రెసిస్టర్‌నే అనుమానిస్తారు. 9600 దగ్గర ఒక బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది. సిగ్నల్ 300 మీటర్లు దాటడానికి పట్టేది సుమారు 1.5 మైక్రోసెకన్లు. చివర తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని ఉన్నా బిట్ మధ్యలో చదివేసరికి అణిగిపోతుంది. అసలు దొంగ సాధారణంగా వోల్టేజ్.

క్యాట్-5ఈ (నాలుగు జతల నెట్‌వర్క్ కేబుల్) తీగ కిలోమీటరుకి దాదాపు 84 ఓమ్‌లు. 300 మీటర్లు పోయి రావడమంటే 600 మీటర్లు, అంటే 50 ఓమ్‌లు. చివర 100 మిల్లీ ఆంపియర్లు లాగితే 5 వోల్టులు దారిలోనే పోతాయి. షెడ్డులో ఇచ్చిన 12 అక్కడికి 7గా చేరుతుంది. సెన్సార్ లైటు వెలుగుతూనే ఉంటుంది, జవాబు పంపబోయేసరికి రీసెట్ అవుతుంది. పైగా ఆ 5లో సగం, అంటే రెండున్నర వోల్టులు, మైనస్ తీగలో పడి ఆ చివరి గ్రౌండ్‌నే పైకి లేపుతుంది. ఆర్‌ఎస్-485 చిప్ తట్టుకునే హద్దు మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టులు. లోడ్ పెరిగేకొద్దీ ఈ హద్దు దగ్గర పడుతుంది.

చివరి సెన్సార్ టెర్మినల్ దగ్గర రిలే ఆన్‌లో ఉండగానే కొలవండి. లోడ్ లేకుండా కొలిస్తే మీటరు 12 చూపించి మోసం చేస్తుంది. తక్కువ వస్తే సప్లై 24 వోల్టులు చేసి, 24 తట్టుకోని సెన్సార్ దగ్గర బక్ కన్వర్టర్ (వోల్టేజ్ దించేది) పెట్టండి. క్యాట్-5ఈలో నీలం జతని డేటాకి ఉంచి, నారింజ జత రెండు తీగలూ కలిపి ప్లస్‌కి, గోధుమరంగు జత రెండూ కలిపి మైనస్‌కి ఇస్తే 50 ఓమ్‌లు 25 అవుతాయి. ఏ, బి రెండూ ఒకే జతలో ఉండాలి. ఏ ఒక జతలో, బి ఇంకో జతలో పెడితే తీగలు మెలేసిన ఫలితమే దక్కదు.

కేబుల్ చౌకగా దొరికిందా? తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. నిరోధం రాగి కంటే సగానికి పైగా ఎక్కువ, మెలిపెడితే విరుగుతుంది. గట్టు మీదకి అది పనికిరాదు.

పగలు బాగానే ఉంటుంది, తెల్లవారుజామున తప్పుతుంది

డీఓ పడిపోయేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. కారణం జంక్షన్ బాక్సులో పట్టే మంచు తడి. మూత తీస్తే టెర్మినల్ స్క్రూల చుట్టూ పచ్చ చిలుం కనిపిస్తుంది. ఉప్పునీటి గాలిలో నల్ల టేపు చుట్టిన జాయింటు ఎక్కువ కాలం నిలవదు.

లైను సప్లై తీసేసి, షెడ్డు చివర ఏ, బి మధ్య ఓమ్‌లు కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్‌లు పెట్టిన 300 మీటర్ల క్యాట్-5ఈలో దాదాపు 70 రావాలి. 120 దగ్గర ఉంటే తీగ మధ్యలో తెగింది, లేదా అవతలి రెసిస్టర్ లేదు. 170 చూపిస్తే ఇవతలిది లేదు. 50 లోపు వస్తే ఎవరో మూడో రెసిస్టర్ పెట్టారు, లేదా తడి, షార్ట్. పూర్తి షార్ట్ అనిపిస్తే ఇవతలి రెసిస్టర్ తీసి మళ్లీ కొలవండి: 100 మీటర్లకి 17 ఓమ్‌ల లెక్కన, 20 చూపిస్తే షార్ట్ సుమారు 120 మీటర్ల దూరంలో ఉంది. అక్కడికి నడిచి వెళ్లి చూస్తే ఎలుక కొరికిన చోటో, పార తగిలిన చోటో కనిపిస్తుంది.

చిలుం పట్టిన తీగని తుడిచి బిగించొద్దు. తళతళలాడే రాగి వచ్చేదాకా కోసేయండి. జిగురున్న హీట్ ష్రింక్ గానీ, జెల్ నింపిన కనెక్టర్ గానీ వాడండి. కేబుల్ బాక్సులోకి కింది నుంచే రావాలి, గ్లాండు ముందు తీగ కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు జారే నీరు అక్కడే కారిపోతుంది.

ఏరియేటర్ ఆన్, ఆఫ్ చేయగానే సీఆర్‌సీ తప్పులు

సీఆర్‌సీ అంటే సందేశం చెడిపోలేదని సరిచూసే లెక్క. కాంటాక్టర్ (మోటారుని కలిపే పెద్ద స్విచ్) కాయిల్ వదిలినప్పుడు వచ్చే స్పైక్ డేటా తీగలోకి దూకుతుంది. కాయిల్‌కి సరిపోయే సర్జ్ సప్రెసర్ కాంటాక్టర్ తయారీదారులే అమ్ముతారు, ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ మెయిన్ ఆపించి పెట్టించండి. మోటారు కేబుల్, డేటా కేబుల్ ఒకే పైపులో ఉంటే విడదీయండి, కనీసం ఒక అడుగు ఎడం. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. షీల్డ్ ఉంటే షెడ్డు వైపు మాత్రమే ఎర్త్ చేయాలి.

ఇంకో మాట, బయాస్, అంటే ఖాళీ లైనుని ఒక వైపుకి పట్టి ఉంచే వోల్టేజ్. ఎవరూ మాట్లాడనప్పుడు ఏ, బి మధ్య 200 మిల్లీవోల్టుల కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే లైను గాలిలో వేలాడుతూ ప్రతి గిల్లుడుకీ ఉలిక్కిపడుతుంది. కంట్రోలర్ దగ్గర ఒక్కచోటే ప్లస్ తీగ నుంచి 5 వోల్టులకి 560 ఓమ్‌లు, మైనస్ తీగ నుంచి గ్రౌండ్‌కి 560 పెడితే, రెండు టర్మినేషన్ల మీద దాదాపు 250 వస్తుంది. ప్రతి మాడ్యూల్ మీదా పెడితే డ్రైవర్ మోయలేదు.

జవాబు చివరి బైట్ తెగిపోతోంది

ఇది నిజంగా కోడ్ సమస్యే. డీఈ పిన్‌ని (ట్రాన్స్‌సీవర్‌ని, అంటే ఆర్‌ఎస్-485 చిప్‌ని, పంపే వైపుకి తిప్పే పిన్) ఆఖరి బైట్ పూర్తిగా బయటికి పోకముందే దించేస్తున్నారు. ఈఎస్‌పీ32 బోర్డులో యూఆర్ట్‌కి (సీరియల్ పోర్టుకి) ఆర్‌ఎస్-485 హాఫ్ డ్యూప్లెక్స్ మోడ్ ఉంది, దాన్ని వాడండి. 3.3 వోల్టుల బోర్డుకి మ్యాక్స్485 చిప్ కాకుండా మ్యాక్స్3485 పెట్టండి.

పిడుగు తర్వాత అంతా మౌనం

కాలిన ఒక్క ట్రాన్స్‌సీవర్ మొత్తం లైనుని పట్టి ఉంచుతుంది. మధ్య జంక్షన్‌లో లైను విడదీయండి. ఇవతలి సగం పలికితే దొంగ అవతల ఉన్నాడు. మళ్లీ సగం చేయండి. ఇరవై సెన్సార్లున్నా ఐదు సార్లలో దొరుకుతుంది. కొత్తది పెట్టేటప్పుడు సర్జ్‌ని మింగే ఎస్‌ఎమ్712 డయోడ్, దాని ముందు ప్రతి తీగకీ 10 ఓమ్‌లు, ఐసోలేటెడ్ ట్రాన్స్‌సీవర్. దగ్గరి పిడుగుకి ఇవి కూడా చాలవు, కానీ దూరపు మెరుపులకి ఆగుతాయి.

లైను ఎంత బాగున్నా, రిలే నోడ్‌లో (రిలేని నడిపే చిన్న బోర్డులో) ఒక లెక్క రాసి పెట్టండి: 60 సెకన్లు కంట్రోలర్ నుంచి మాట రాకపోతే ఏరియేటర్‌ని ఆన్ చేయాలి. రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ (కరెంటు లేనప్పుడు కలిసి ఉండే) కాంటాక్ట్ వాడితే నోడ్‌కి కరెంటు పోయినా అదే జరుగుతుంది. ఓవర్‌లోడ్, సింగిల్ ఫేజ్ రక్షణ మాత్రం దీనికి వెలుపల, యథాతథంగా ఉండాలి. అన్ని మోటార్లూ ఒక్కసారే లేవకుండా ఒక్కో నోడ్‌కి పదేసి సెకన్ల ఎడం ఇవ్వండి. నార్మల్లీ క్లోజ్డ్ దారికి ఆ ఎడం కోడ్‌తో రాదు, ప్యానెల్‌లో ఆన్-డిలే టైమర్ పెట్టించాలి.