ఫైళ్లన్నీ మెయిల్‌కి పంపేసి, ఫోన్ రీసెట్ చేసే ముందు

కొత్త ఫోన్ కొన్నా, పాతది రీసెట్ చేయాల్సి వచ్చినా చాలామంది ముందుగా చేసే పని, ముఖ్యమైన ఫైళ్లని తమకు తామే మెయిల్ చేసుకోవడం. పద్ధతి మంచిదే. 2004లో జీమెయిల్ ఒక జీబీ జాగాతో వచ్చినప్పుడే కొందరు దాన్ని కంప్యూటర్లో మరో డ్రైవ్‌లా వాడుకునే సాఫ్ట్‌వేర్లు రాసేశారు. కానీ ఫోన్లో ఉన్నది తుడిచేసే ముందు, మెయిల్లోకి నిజంగా ఏం చేరిందో చూసుకోవాలి.

నెట్ సరిగా లేకపోతే పంపిన మెయిల్ ఔట్‌బాక్స్‌లోనే ఆగిపోతుంది. మనం పంపేశామనే అనుకుంటాం. అప్పుడు రీసెట్ చేస్తే మెయిలూ పోతుంది, ఫైలూ పోతుంది. అందుకే ఇంకో కంప్యూటర్లో మెయిల్ తెరిచి, ఒక్కో అటాచ్‌మెంట్‌ని డౌన్‌లోడ్ చేసి, చివరి పేజీ దాకా చూడండి. ఫోటోలు పంపేటప్పుడు కొన్ని యాప్‌లు సైజు తగ్గించమంటారా అని అడుగుతాయి. అసలు సైజే ఎంచుకోండి, తగ్గించినదాన్ని మళ్లీ పెంచలేం.

జీమెయిల్లో అటాచ్‌మెంట్ల పరిమితి 25 ఎంబీ. మెయిల్లో వెళ్లేటప్పుడు ఫైలు అక్షరాలుగా మారి సుమారు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి, 18 ఎంబీ దాటినప్పటి నుంచే ఇబ్బంది రావచ్చు. పరిమితి దాటితే ఫైలు గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లి, మెయిల్లో లింకు మాత్రమే ఉంటుంది. మెయిల్లో ఎలాగూ ఉంది కదా అని డ్రైవ్‌లోది డిలీట్ చేస్తే ఇక ఏదీ మిగలదు. ప్రోగ్రామ్ ఫైళ్లని, జిప్‌లో పెట్టినా సరే, జీమెయిల్ ఆపేస్తుంది. వీడియోల సంగతి మెయిల్‌కి వదిలేయకండి.

అన్నిటికంటే నాకు భయం వేసేది లాగిన్ విషయంలో. ఫైళ్లు భద్రంగానే ఉంటాయి, లోపలికి వెళ్లే దారే మూసుకుపోతుంది. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండంచెల వెరిఫికేషన్ కోడ్ వచ్చేది మీరు రీసెట్ చేస్తున్న ఆ ఫోన్‌కే కదా! కోడ్ ఇచ్చే యాప్ అందులోనే ఉండి, అకౌంట్‌కి సింక్ కాకపోతే, రీసెట్‌తో అదీ పోతుంది. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో, ఆ కోడ్‌కి బదులు వాడుకునే బ్యాకప్ కోడ్లు పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి దాచుకోండి. రికవరీ నంబర్ ఇప్పుడు మీరు వాడుతున్నదేనా? అదీ చూడండి. పాస్‌వర్డ్ గుర్తుందనే ధీమా వద్దు, వేరే కంప్యూటర్లో ఒకసారి టైప్ చేసి లోపలికి వెళ్లి రండి.

గుర్తింపు కార్డుల స్కాన్లు, బ్యాంకు కాగితాలు పంపేటప్పుడు ఫైలుకే పాస్‌వర్డ్ పెట్టండి, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్లో రాయకండి. ఆఫీసు, కాలేజీ మెయిళ్లు మాత్రం దీనికి వాడొద్దు. అక్కడి నుంచి బయటికొచ్చాక ఆ అకౌంట్ మన చేతిలో ఉండదు.

ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫోటోలకీ కలిపి. అది నిండితే కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది. జాగా కోసం తీసేసినవి ట్రాష్‌లో 30 రోజులే ఉంటాయి. రెండేళ్లు ముట్టుకోని అకౌంట్‌ని గూగుల్ మొత్తంగా తొలగించవచ్చు కాబట్టి, ఫైళ్ల కోసమే ప్రత్యేకంగా తెరిచిన అకౌంట్ ఉంటే అప్పుడప్పుడూ లాగిన్ అవుతూ ఉండండి.

సబ్జెక్టులో ఫైలు పేరు, ఏడాది, ఎవరిదో రాస్తే తర్వాత వెతకడం తేలిక. సర్టిఫికెట్లు, ఇంట్లోవాళ్ల పాత ఫోటోల్లాంటివి పెన్‌డ్రైవ్‌లో కూడా ఇంకో కాపీ పెట్టి, అది తెరుచుకుంటోందని చూశాకే రీసెట్ నొక్కండి.